అవ్వ బుట్టలో పూలెన్ని?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న నేనిచ్చిన లెక్క చదివి చిన్నవాడు ఫోనులో అడిగాడు: "తాతయ్యా, ఇది కూడికా, తీసివేతా?" అది చెప్పేస్తే ఇంకేం మిగులుతుంది, ఎక్కాలు తప్ప! అందుకే ఈ ఉత్తరం.

లెక్క మళ్లీ చెబుతాను. ఒక అవ్వ పూలబుట్టతో బయలుదేరింది. దారిలో మూడు గుళ్లు, ఒక్కో గుడి ముందు ఒక కొలను. కొలనులో ముంచితే పూలు రెట్టింపవుతాయి (ఎలాగని అడగకండి, కథ కదా). ముంచిన ప్రతిసారీ ఆ గుడిలో కొన్ని పూలు పెట్టింది, మూడు గుళ్లలోనూ సమానంగా. మూడో గుడిలో పెట్టేసరికి బుట్ట ఖాళీ. బయలుదేరినప్పుడు ఎన్ని? గుడికి ఎన్ని?

చిన్నప్పుడు నేను పది చింతపిక్కలతో మొదలుపెట్టాను. గుడికి పదకొండు పెడితే చివరికి మూడు మిగిలాయి. పన్నెండు పెడితే నాలుగు చాలలేదు. సాయంత్రమంతా అదే గొడవ. చివరికి నాయనమ్మ, "బుట్ట ఖాళీ అయిన చోటి నుంచి వెనక్కి నడిచి చూడరా" అంది.

నడుద్దాం. గుడికి రెండు పూలనుకోండి. మూడో కొలనులో ముంచకముందు ఒకటే. రెండో గుడిలో రెండు పెట్టాక మిగిలింది ఆ ఒకటి, అంటే పెట్టకముందు మూడు. ముంచకముందు ఒకటిన్నర! పువ్వును తుంచలేం కదా. గుడికి నాలుగైతే? రెండు, ఆరు, మూడు, ఏడు, మూడున్నర. మళ్లీ అరపువ్వే, కానీ ఈసారి మొదటి కొలను దాకా వచ్చాకే తగిలింది. గుడికి ఎనిమిది పెట్టి చూడండి: నాలుగు, పన్నెండు, ఆరు, పద్నాలుగు, ఏడు. అవ్వ ఏడు పూలతో బయలుదేరింది!

ఒకే గుడి ఉంటే 1 పువ్వు చాలు. రెండుంటే 3, మూడుంటే 7. నాలుగో గుడి, ఐదో గుడి మీరే కట్టుకోండి. 64 గుళ్లు కడితే మాత్రం 18446744073709551615 పూలు కావాలి. చదరంగం 64 గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు పోస్తూ పోతే వచ్చే మొత్తమూ ఇదే. 11వ శతాబ్దంలో లెక్కల కవి పావులూరి మల్లన ఈ సంఖ్యను తెలుగు పద్యంలో ఇమిడ్చాడు. అంకెలకు బదులు మాటలు వాడాడు: చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు. పద్యం మొదలయ్యేది చివరి అంకె అయిదుతో. ఆయనా వెనక నుంచే నడిచాడు!

ఐదు గుళ్ల జవాబు ఉత్తరంలోనే రాయండి. ఫోను చేస్తే ఎత్తను.

మీ
తాతయ్య