స్క్రీమింగ్ అంటే గొంతు చించుకోవడం కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హెవీ మెటల్ బ్యాండ్‌లో స్క్రీమ్ చేస్తానని, అంటే గరుకు గొంతుతో పాడతానని చెప్పగానే చాలామంది నా గొంతు వైపు జాలిగా చూస్తారు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లది ఇంకో తంతు. మొదటి రోజే మెడ నరాలు ఉబ్బేలా ఒక అరుపు అరిచి, దగ్గుతూ "ఇలాగేనా అన్నా?" అంటారు. ఇలా కాదు.

అపోహ: శక్తికొద్దీ అరవడమే స్క్రీమ్.

కోపంతో అరిచినప్పుడు స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. మెటల్ గాత్రంలో వినిపించే గరుకుదనం చాలావరకు పుట్టేది వాటికి పైన. అక్కడ ఇంకో జత మడతలు ఉంటాయి, ఫాల్స్ కార్డ్స్ అంటాం. మాట్లాడేటప్పుడు పక్కకు తప్పుకుని ఉంటాయి, బరువు ఎత్తుతూ ఊపిరి బిగబట్టినప్పుడు దగ్గరికి వస్తాయి. గ్రోల్‌లో, అంటే గుర్రుమనే లోతైన స్క్రీమ్‌లో, ముఖ్యంగా కంపించేవి ఇవే. ఇది మెటల్ వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. రష్యాలోని తువా ప్రజల కార్గిరా అనే గొంతు గానంలోనూ ఇవే పనిచేస్తాయి. అక్కడ ఇవి స్వరతంత్రుల వేగంలో సగం వేగంతో కంపిస్తాయి కాబట్టి పాడే స్వరానికి ఒక స్థాయి (ఆక్టేవ్) కింద మరో స్వరం మోగుతుంది. 2022లో లార్నా షోర్ అనే మెటల్ బ్యాండ్ గాయకుడు విల్ రామోస్ స్క్రీమ్ చేస్తుండగా గొంతులోకి కెమెరా పంపి తీసిన వీడియో ఉంది. స్వరతంత్రుల పైభాగమంతా ఎలా ముడుచుకుని అదురుతుందో అందులో కనిపిస్తుంది.

అందుకే మొదటి రోజు నేను ఎవరినీ అరవనివ్వను. అద్దం మీద ఆవిరి పట్టేలా వెచ్చగా ఊదమంటాను. ఆ ఊపిరి ఆపకుండానే, బరువు ఎత్తబోతున్నట్టు గొంతును కొద్దిగా దగ్గరికి తెమ్మంటాను. చిన్న గరగర వస్తుంది. మామూలుగా మాట్లాడుకునేంత శబ్దం కూడా ఉండదు. చాలామంది మొహం చిన్నబోతుంది, "ఇంతేనా?" అని. కొన్ని వారాలు ఇంతే. ఫ్రై స్క్రీమ్ అనే ఇంకో రకం దారి వేరు. అది నిద్ర లేవగానే వచ్చే కిరకిర గొంతుతో మొదలవుతుంది.

అపోహ: ఆడవాళ్లకు గ్రోల్ రాదు.

ఫాల్స్ కార్డ్స్ అందరికీ ఉంటాయి. లోతుగా వినిపించడంలో నోరు, నాలుక, గొంతు లోపలి ఆకారానిది పెద్ద పాత్ర. ఆర్చ్ ఎనిమీ అనే మెటల్ బ్యాండ్‌లో ఏళ్ల తరబడి గ్రోల్ చేసిన ఏంజెలా గోసో 2014లో తప్పుకుంటే, ఆ చోటికి వచ్చిన అలీసా వైట్-గ్లజ్ కూడా మహిళే. పైగా ఆమె మామూలు గాత్రంతోనూ పాడుతుంది. స్క్రీమ్ చేస్తే ఇక పాడలేమన్న భయానికి కూడా ఇదే జవాబు.

అపోహ: గిటార్ వాళ్ల వేళ్లలా గొంతూ రాటుదేలుతుంది.

గొంతులో కాయలు కాస్తే వాటిని నాడ్యూల్స్ అంటారు. స్వరతంత్రుల మధ్యభాగం పదే పదే కొట్టుకుని గట్టిపడే వాపులవి.

ఈ అపోహను నేనే మోశాను. మొదట్లో నొప్పి ఒక పతకంలా అనిపించేది. ఒక షో ముందు గొంతు మండుతుంటే తిమ్మిరెక్కించే బిళ్ల చప్పరించి స్టేజ్ ఎక్కాను. మంట తెలియలేదు కాబట్టి ఇంకా గట్టిగా లాగాను. తెల్లారేసరికి మాట లేదు. తర్వాత కొన్ని రోజులు ఇంట్లోవాళ్లతో కూడా ఫోన్‌లో టైప్ చేసి చూపించడమే. నొప్పిని దాచే మందు వేసుకుని ఎప్పుడూ పాడకండి.

ఇప్పుడు ప్రాక్టీస్ అయ్యాక ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. వీలైనంత మెల్లగా, పై శ్రుతిలో ఒక కూనిరాగం. గట్టిగా పాడితే ఎలాగోలా వస్తుంది, మెల్లగా పాడితేనే బండారం బయటపడుతుంది. స్వరం తెగిపోతున్నా, గాలి మాత్రమే వస్తున్నా లోపల వాపు ఉండొచ్చు. మర్నాడు సెలవు.

అపోహ: రికార్డింగ్‌లో అంత పెద్దగా ఉందంటే అంత పెద్దగా అరిచారనే.

మైక్ ఉన్నది దానికే. చిన్న శబ్దాలకూ పెద్ద శబ్దాలకూ తేడా తగ్గించే కంప్రెషన్ వేస్తే చిన్న గరగర కూడా రాక్షసుడిలా వినిపిస్తుంది. ఇంకోటి, మైక్ తలను అరచేతులతో కప్పేయడం. ఫొటోలో బాగుంటుంది, నిజమే. కానీ స్టేజ్ మైక్ వెనక వైపు శబ్దాన్ని వదిలేసేది ఆ జాలీలోకి వెనకనుంచి కూడా గాలి ఆడటం వల్ల. అది మూసేస్తే మానిటర్ల (స్టేజ్ మీద మనవైపు పెట్టే స్పీకర్ల) శబ్దమంతా లాక్కుని కీచుమంటుంది, మాటలు ముద్దవుతాయి. సౌండ్ ఇంజనీర్ తిట్టుకునేది మిమ్మల్నే.

అపోహ: స్టేజ్ మీద నీళ్లు గుటకలు వేస్తే గొంతు తడుస్తుంది.

నీళ్లు స్వరతంత్రులను తాకవు. తాకితే పొలమారుతుంది. రోజంతా తాగిన నీళ్లే లోపలినుంచి పనికొస్తాయి. నేరుగా తడి తగలాలంటే ఆవిరి పట్టాలి.

గొంతు అలిసిందని గుసగుసగా మాట్లాడేవాళ్లూ ఉన్నారు. బిగబట్టి గుసగుసలాడితే అది విశ్రాంతి కాదు, ఊరుకోవడమే నయం. బొంగురు రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌తో లోపల చూపించుకోండి. పాట మధ్యలో గొంతు ఒక్కసారిగా పోతే మాత్రం ఆ పాట కూడా పూర్తి చేయొద్దు. లోపల రక్తనాళం చిట్లి ఉండొచ్చు. మైక్ పక్కన పెట్టి, నోరు మూసుకుని, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.