కింద కుట్ల భయం: అపోహలు, వాస్తవాలు

ఏడో నెల దాటాక వచ్చే చెకప్‌లో బీపీ, షుగరు, స్కాన్ రిపోర్టు అన్నీ మాట్లాడేస్తారు. అసలు ప్రశ్న మాత్రం లేచి తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి అడుగుతారు: “మేడమ్, కింద కోస్తారా?” బిడ్డ తల బయటికి రావడానికి యోని దగ్గర పెట్టే కోత (ఎపిసియోటమీ) గురించే ఆ ప్రశ్న. ఆ ప్రశ్న వెనకాల వదిన చెప్పిన కథ ఉంటుంది, ఫోన్‌లో చూసిన వీడియో ఉంటుంది, పక్కింటావిడ “నెల రోజులు సరిగ్గా కూర్చోలేదమ్మా” అన్న మాట ఉంటుంది. ఆ భయాన్ని తప్పు పట్టక్కర్లేదు. ఒంట్లో అంత సున్నితమైన చోట కత్తెర అంటే ఎవరికైనా గుండె జారుతుంది. చిక్కల్లా ఆ భయంతో తీసుకునే నిర్ణయాలతోనే.

అపోహ: “సిజేరియన్ చేయించుకుంటే కుట్ల బాధ ఉండదు”

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. కింద మూడు నాలుగు సెంటీమీటర్ల కోతకు భయపడి, పొట్ట మీద పది పదిహేను సెంటీమీటర్ల కోతను అడిగి మరీ చేయించుకుంటున్నారు. సిజేరియన్‌లో చర్మం, దాని కింద కొవ్వు, ఆ తర్వాత రెక్టస్ షీత్ అనే గట్టి పొర కోస్తారు. కండరాలను పక్కలకు లాగి, పెరిటోనియం అనే పొట్ట లోపలి పలచటి పొరను తెరిచి, మూత్రాశయాన్ని కిందికి జరిపి, అప్పుడు గర్భసంచిని కోస్తారు. తర్వాత దాదాపు అన్నీ కుట్టుకుంటూ పైకి రావాలి. రక్తం పోవడం చూసినా అంతే. సహజ కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితేనే ఎక్కువ పోయినట్టు లెక్క. సిజేరియన్‌లో ఆ గీతే 1000 దగ్గర ఉంటుంది. దగ్గినా, నవ్వినా, మంచం మీద పక్కకు తిరిగినా కుట్లు పట్టేస్తుంటే ఆ బాధతోనే బిడ్డకు పాలివ్వాలి.

అసలు ఖర్చు రెండో కాన్పులో తేలుతుంది. గర్భసంచి మీద మచ్చ ఉంటే తర్వాతి నొప్పుల్లో అది విచ్చుకునే ప్రమాదం సుమారు రెండొందల మందిలో ఒకరికి. అంతకంటే భయపెట్టేది మాయ సంగతి. పాత కోత మీదే మాయ అతుక్కుని గోడలోకి పాతుకుపోతే కాన్పయ్యాక అది ఊడి రాదు, రక్తం ఆగదు, చాలాసార్లు గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. ఒక సిజేరియన్ అయిన మనిషికి తర్వాతి గర్భంలో మాయ కిందికి ఉంటే, అది ఇలా పాతుకుపోయే అవకాశం నూటికి 11 దాకా. రెండు సిజేరియన్లు అయి ఉంటే నూటికి 40. “ఒక్కసారికే కదా” అనుకుని సంతకం పెట్టిన చాలామందికి ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే 81.5. ఇదంతా కుట్ల భయం వల్లే అనడం లేదు. ముహూర్తాలున్నాయి, రాత్రిపూట కాన్పు కోసం మేలుకొని కూర్చోలేని ఆసుపత్రులున్నాయి, బిల్లులున్నాయి. కానీ “మా అమ్మాయి అంత నొప్పి ఓర్చుకోలేదండీ, కింద కోతలవీ వద్దు, ఆపరేషన్ చేసేయండి” అని తల్లే అడిగితే ఆ ఆసుపత్రికి కూడా కాదనే అవసరం ఉండదు.

బిడ్డ అడ్డంగా ఉన్నా, మాయ దారికి అడ్డం పడినా, గుండె చప్పుడు పడిపోతున్నా సిజేరియన్ ప్రాణం కాపాడే ఆపరేషనే. అలా చేయించుకున్నవాళ్లు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. పోయినసారి మలద్వారం కండరం దాకా చిరిగి, ఇప్పటికీ గ్యాసో మలమో ఆపుకోలేకపోతున్నవాళ్లకు ఈసారి సిజేరియన్ గురించి డాక్టరే కూర్చోబెట్టి మాట్లాడాలి. ఈ భాగం వాళ్ల గురించి కాదు.

అపోహ: “కోత పెడితే చిరగదు. పెట్టకపోతే లోపలిదాకా చిరిగిపోతుంది”

బట్టల కొట్లో గుమాస్తా ఏం చేస్తాడో చూసే ఉంటారు. అంచు మీద కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు వైపులా పట్టుకుని సర్రున చింపేస్తాడు. గాటు లేకపోతే గుడ్డ అంత తేలిగ్గా చిరగదు. మధ్యలోంచి నేరుగా కిందికి పెట్టిన కోత కూడా ఇలాగే మలద్వారం వైపు సాగిపోతుంది. అందుకే మన దగ్గర ఏటవాలుగా, పక్కకి కోస్తారు.

అందరికీ ముందుజాగ్రత్తగా కోయాలన్న వాదన 1920లో చికాగో డాక్టర్ జోసెఫ్ డిలీతో బలపడింది. తర్వాత దశాబ్దాల తరబడి ప్రపంచమంతా అదే నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో అందరికీ అలవాటుగా కోయడం వద్దని స్పష్టంగా ఉంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. కోత అంటేనే చర్మంతోపాటు కండరం కూడా తెగడం, అంటే లోతులో రెండో డిగ్రీ చిరుగుతో సమానం (చిరుగుల లోతును ఒకటి నుంచి నాలుగు డిగ్రీలుగా లెక్కిస్తారు). వదిలేస్తే చర్మం గీరుకుపోయి ఊరుకునే మనిషికి కూడా మనమే రెండో డిగ్రీ గాయం చేసినట్టవుతుంది.

తల బయటికి వచ్చే దశలో బిడ్డ గుండె చప్పుడు పడిపోతే, ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటికి లాగే పరికరం) పెట్టాల్సి వస్తే, భుజం ఇరుక్కుని లోపల చేయి పెట్టడానికి చోటు కావాల్సి వస్తే కోత అవసరం. అప్పుడు కోయడమే సరైన పని. కానీ తల పూర్తిగా కనబడి, చర్మం పలచబడ్డాక, మధ్యగీత నుంచి 60 డిగ్రీల కోణంలో కోయాలి. సాగి ఉన్న చర్మం మీద 60 డిగ్రీలు, కాన్పయ్యాక ముడుచుకుని 45 దగ్గరికి వస్తుంది. సాగినప్పుడే 45లో కోస్తే తర్వాత అది ఇంకా కిందికి దిగి మలద్వారం కండరానికి దగ్గరవుతుంది. కాలం విషయంలోనూ అంతే. తల ఇంకా పైన ఉండగా తొందరపడి కోస్తే రక్తం ఎక్కువ పోతుంది.

మత్తు లేకుండా కోయడం, కుట్టడం మామూలే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మామూలు కాదు. ఆ చోటు మొద్దుబార్చే మందు, 1 శాతం లిగ్నోకెయిన్, 10 మిల్లీలీటర్లు చాలావరకు సరిపోతుంది. 50 కిలోల మనిషికి 15 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగాలి. చిన్న పట్టకారుతో గిల్లి చూసి, తెలియడం లేదంటేనే మొదలుపెట్టాలి. కుడుతున్నప్పుడు నొప్పి తెలిస్తే “సిస్టర్, ఇంకా తెలుస్తోంది” అని చెప్పండి. అది గోల చేయడం కాదు. కోసేముందు ఎందుకో ఒక్క మాటలో చెప్పి, మీ సమ్మతి అడగడం వాళ్ల బాధ్యత. ఈ మాట ఎనిమిదో నెలలోనే ఎత్తండి, నొప్పుల మధ్యలో వాదించడం ఎవరి వల్లా కాదు.

చిరగకుండా ఏం చేయొచ్చు

అస్సలు చిరగదని ఎవరూ మాటివ్వలేరు. మొదటి కాన్పులో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఎంతో కొంత చిరుగుతుంది. చాలావరకు ఒకటో రెండో డిగ్రీయే. చర్మం మాత్రమే అయితే ఒకటో డిగ్రీ, రక్తం కారకపోతే కుట్లు కూడా అక్కర్లేదు. మలద్వారాన్ని మూసి ఉంచే కండరం దాకా వెళితే మూడు, లోపలి పొర కూడా తెగితే నాలుగు. ఈ పెద్ద చిరుగులు బ్రిటన్ లెక్కల ప్రకారం మొదటి కాన్పుల్లో నూటికి ఆరు.

తగ్గించే మార్గాల్లో మొదటిది పెరీనియం (యోనికీ మలద్వారానికీ మధ్య భాగం) మసాజ్. 34–35 వారాల నుంచి, వారానికి ఒకటి రెండుసార్లు, మూడు నాలుగు నిమిషాలు. రోజూ చేస్తే లాభం ఎక్కువేమీ లేదు. గోళ్లు తీసేసి, చేతులు కడుక్కుని, కొబ్బరి నూనె రాసుకుని బొటనవేలు మూడు నాలుగు సెంటీమీటర్లు యోని లోపలికి పెట్టాలి. మలద్వారం వైపు కిందికి, పక్కలకి సాగదీయాలి. గడియారం ముల్లులా చెప్పాలంటే 3 నుంచి 6 మీదుగా 9 దాకా. పైన మూత్రద్వారం వైపు వెళ్లొద్దు. కాస్త మంట వచ్చేదాకా సాగదీస్తే చాలు, నొప్పి వచ్చేదాకా అక్కర్లేదు. తొమ్మిదో నెల పొట్టతో చేయి అందకపోతే భర్త సాయం తీసుకోండి. మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోతున్నా, రక్తం కనిపించినా, ఇన్ఫెక్షన్ ఉన్నా వద్దు.

రెండోది లేబర్ రూమ్‌లో వేడి గుడ్డ. తల కనబడుతున్నప్పటి నుంచి, నొప్పి వచ్చినప్పుడల్లా, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను పెరీనియం మీద అదిమి పట్టుకోవడం. నీళ్లు 38 నుంచి 44 డిగ్రీల సెల్సియస్, మణికట్టు లోపలివైపు పెట్టి చూసుకోవాలి. మూడు, నాలుగు డిగ్రీల చిరుగులు దీనివల్ల బాగా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ఖర్చు ఒక కెటిల్, నాలుగు గుడ్డలు. అయినా చాలా చోట్ల కనిపించదు, అడిగితే వింతగా చూస్తారు. అయినా అడగండి.

వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టేయడం కాకుండా, పక్కకు తిరిగో, మోకాళ్లు చేతుల మీదో ఉండి కనొచ్చు. తల బయటపడే ఆ నిమిషంలో ముక్కడం ఆపి, నోటితో చిన్నచిన్నగా ఊదాలి. చుట్టూ నలుగురు “ముక్కమ్మా ముక్కు” అని అరుస్తుంటే ఇది కష్టం. కానీ తల ఎంత నిదానంగా వస్తే చర్మానికి సాగే సమయం అంత దొరుకుతుంది. పొట్ట మీద మోచేత్తో నొక్కి బిడ్డను బయటికి తోయడం మాత్రం ఎవరు చేయబోయినా వద్దనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే అంటోంది. దానివల్ల లోపలి చిరుగులు పెరుగుతాయి.

తెలంగాణలో ప్రత్యేక శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. దగ్గర్లో ఉంటే వాళ్ల దగ్గర రాయించుకోండి, పైన చెప్పినవన్నీ వాళ్ల రోజువారీ పని. బ్రిటన్‌లో ఉన్న మన అమ్మాయిలకు ఒక మాట: ఆసియా మూలాలవాళ్లకు పెద్ద చిరుగుల ముప్పు ఎక్కువని అక్కడి మార్గదర్శకాల్లోనే ఉంది. మీ మిడ్‌వైఫ్‌తో ముందే మాట్లాడండి.

మిగతావి గబగబా. నెయ్యి తాగితే బిడ్డ జారి వస్తుందట. నెయ్యి పేగుల్లోకి వెళుతుంది, బిడ్డ ఉన్నది గర్భసంచిలో. వెంట్రుకలు గీయకపోతే చీము పడుతుందన్నదీ నిజం కాదు, బ్లేడు గాట్ల వల్లే చిరాకు. “భర్త కోసం ఒక కుట్టు ఎక్కువ వేయండి” అనే జోకు లేబర్ రూమ్‌లో వినిపిస్తే నవ్వకండి. బిగించి కుట్టిన చోట కలయిక అప్పుడు నరకమవుతుంది, దానివల్ల ఎవరికీ సుఖం లేదు.

అపోహ: “నీళ్లు తాగితే, పప్పు తింటే కుట్లు చీము పడతాయి”

సిజేరియన్ అపోహ తర్వాత ఎక్కువ నష్టం చేసేది ఇదే, అదీ ప్రేమతో. బాలింతకు కారప్పొడి అన్నం, వెల్లుల్లి, రోజుకు గ్లాసో రెండు గ్లాసులో నీళ్లు. నాలుగో రోజుకి మలం రాయిలా అవుతుంది. ముక్కితే పచ్చి కుట్ల మీద ఒత్తిడి పడి రక్తం కనిపిస్తుంది. “చూశావా, పత్యం తప్పింది” అని మిగిలిన పెరుగు కూడా ఆపేస్తారు.

చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, గుడ్డులో, పెరుగులో ఉన్నాయి. పాలిచ్చే తల్లికి రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్లు కావాలి. ఆకుకూరలు, బొప్పాయి పండు పెట్టండి. రెండు రోజులైనా విరేచనం కాకపోతే డాక్టరు లాక్టులోజ్ సిరప్ రాస్తారు, పాలకు దానివల్ల ఇబ్బంది లేదు. అత్తగారితో గొడవ పడలేనివాళ్లు డాక్టరు చేతే పత్యం కాగితం మీద రాయించుకెళ్లండి. మన మాట చెల్లని ఇళ్లలో కూడా చీటీ చెల్లుతుంది.

మొదటి రోజు వాపుకి గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాల చొప్పున. మర్నాటి నుంచి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోవడం, రోజుకు రెండు మూడుసార్లు. డెటాల్ కలపొద్దు, మండి చర్మం పాడవుతుంది. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటే అదే సమయంలో మగ్గుతో నీళ్లు పోసుకోండి. ముందు నుంచి వెనక్కి కడగాలి, మెత్తటి గుడ్డతో అద్దాలి, మూడు నాలుగు గంటలకోసారి ప్యాడ్ మార్చాలి. కాళ్ల మధ్య కుంపటి పెట్టి సాంబ్రాణి పట్టడం వద్దు, అక్కడ స్పర్శ సరిగ్గా లేక కాలినా వెంటనే తెలియదు. కరిగిపోయే దారంతో కుట్టినవి తీయించుకోనక్కర్లేదు. పది పద్నాలుగు రోజులకు చిన్న ముక్కలు ప్యాడ్ మీద కనిపిస్తే కుట్లు తెగిపోయాయని కంగారు పడొద్దు. కానీ నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, దుర్వాసన వస్తున్నా, గాయం విచ్చుకున్నట్టున్నా, జ్వరం 100.4 దాటినా ఆ రోజే వెళ్లాలి.

అపోహ: “పిల్లలు పుట్టాక ఇవన్నీ మామూలే”

గ్యాసు ఆపుకోలేకపోవడం, బాత్‌రూమ్‌కి వెళ్లేలోపే మలం జారడం మామూలు కాదు. మలద్వారం కండరం చిరిగినా చూడకుండా పైపైన కుట్టేస్తే ఇలా జరుగుతుంది. అందుకే కుట్టే ముందూ, తర్వాతా మలద్వారంలో వేలు పెట్టి పరీక్షించాలి. ఇబ్బందిగా ఉంటుంది, అయినా చేయనివ్వండి. మూడో డిగ్రీ లేదా ఆపై చిరుగును ఆపరేషన్ థియేటర్‌లో, మంచి వెలుతురులో, మత్తిచ్చి, అనుభవమున్న డాక్టరు కుట్టాలి. అలా సరిగ్గా కుట్టినవాళ్లలో ఏడాది తిరిగేసరికి నూటికి 60–80 మందికి ఏ ఇబ్బందీ ఉండదు. కుట్టింది ఏళ్ల క్రితమైనా లక్షణాలుంటే సిగ్గుపడి దాచుకోకుండా చూపించుకోండి.

డిశ్చార్జ్ సమ్మరీలో చాలాసార్లు “నార్మల్ డెలివరీ, కుట్లు వేశాం” అని మాత్రమే ఉంటుంది. ఇంటికి వెళ్లేముందు మూడు విషయాలు రాయించుకోండి: కోతా చిరుగా, ఎన్నో డిగ్రీ, మలద్వారం పరీక్ష చేశారా లేదా. రెండో కాన్పుకి వేరే ఊరు, వేరే డాక్టరు అయితే మొదట అడిగేది ఈ మూడే.