హులిషాన్ కోట: ఫిరంగి కన్నా గోడే వింత

చైనా ఆగ్నేయ తీరంలోని షియామెన్ దీవిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న హులిషాన్ కోటకు వచ్చే సందర్శకుల్లో ఎక్కువమంది నేరుగా తూర్పు వేదిక మీది ఫిరంగి దగ్గరికే వెళ్తారు. అది చూడదగ్గదే. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో క్రుప్ కర్మాగారం 1893లో తయారుచేసిన ఆ ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 28 సెంటీమీటర్లు, పొడవు దాదాపు 14 మీటర్లు. లోపలి ఉక్కు గొట్టం మీద బాగా వేడిచేసిన ఉక్కు వలయాలను తొడిగితే, అవి చల్లారేకొద్దీ కుంచించుకుని గొట్టాన్ని బిగించి పట్టుకుంటాయి. బండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి పాటించే సూత్రం కూడా ఇదే. ఆ బిగింపు ముందుగానే ఉండడం వల్ల, మందు పేలినప్పుడు పుట్టే వాయువుల ఒత్తిడిని గొట్టం చీలకుండా తట్టుకుంటుంది.

అయితే 1894లో మొదలై 1896లో పూర్తయిన ఈ కోటలో ఫిరంగికి ఇచ్చినంత శ్రద్ధ గోడలకూ ఇవ్వాలని నా అభిప్రాయం. సున్నం, బంకమన్ను, జిగురు బియ్యపు గంజి, ఎర్ర చక్కెర, కర్పూర వృక్షపు రసం కలిపి ఈ గోడలను కట్టారని చెబుతారు. వినడానికి వంటింటి జాబితాలా ఉన్నా, ఇందులో రసాయన శాస్త్రం చాలా ఉంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. దాన్ని నీళ్లతో చల్లార్చి గోడలో వాడితే, అది గాలిలోని అదే వాయువును ఏళ్ల తరబడి మెల్లగా పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. ఈ మార్పు జరిగేటప్పుడు ఏర్పడే కాల్సైట్ స్ఫటికాలు అదుపు లేకుండా పెద్దవైతే వాటి మధ్య సందులు మిగిలి గోడ బలహీనపడుతుంది. జిగురు బియ్యంలోని పిండిపదార్థం దాదాపు అంతా కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న అమైలోపెక్టిన్ అనే అణువులే. ఇవి స్ఫటికాల పెరుగుదలకు పగ్గం వేయడం వల్ల సన్నని స్ఫటికాలు దట్టంగా పేరుకుంటాయని ఝజియాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో వివరించారు. చక్కెర పని వేరు: అది సున్నాన్ని నీటిలో మరింతగా కరిగేలా చేస్తుంది. డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసే మన పాతకాలపు తాపీ మేస్త్రులకు ఈ సంగతి అనుభవం మీద తెలిసినదే.

ఇంతకీ రాతి తీరంలో రాయిని కాదని మట్టి, సున్నం ఎందుకు? నల్లరాయి గట్టిదే కానీ పెళుసు. గుండు తగిలిన చోట పగులు సాగి, ఎగిరిపడే ముక్కలే లోపలి సైనికుల ప్రాణం తీస్తాయి. మట్టి అలా పగలదు. నలిగి, కుంగి, గుండు శక్తిని తనలో ఇముడ్చుకుంటుంది. ఈ విషయం షియామెన్‌లోనే అంతకు ముందు రుజువైంది. మొదటి నల్లమందు యుద్ధ కాలంలో, 1841 ఆగస్టు 26న, బ్రిటిష్ యుద్ధనౌకలు ఇక్కడి పొడవాటి రాతి ఫిరంగి గోడను దగ్గర నుంచి గంటల కొద్దీ కాల్చాయి. రాతికి వెలుపల మట్టి తాపడం ఉండడంతో గోడకు పెద్దగా నష్టం జరగలేదు. చివరికి నౌకల నుంచి దిగిన సైనికులు పక్క వైపు నుంచి వచ్చి దాన్ని పట్టుకున్నారు.

దాదాపు వందేళ్ల తర్వాత హులిషాన్‌కూ అలాంటి అనుభవమే ఎదురైంది. 1937 సెప్టెంబరు 3న దగ్గరికి వచ్చిన జపాన్ యుద్ధనౌకలపై ఈ ఫిరంగి గుండ్లు కురిపించిందనీ, ఒక నౌక దెబ్బతిన్నదనీ చైనా కథనాలు చెబుతాయి. మరుసటి ఏడాది మే నెలలో జపాన్ సేనలు దీవి ఈశాన్యాన ఉన్న వుటోంగ్ దగ్గర ఒడ్డుకు దిగాయి. అన్ని వైపులకూ తిరగగల ఫిరంగి ఉన్నా, అల్లంత దూరాన దీవి రెండో అంచున దిగే సైన్యాన్ని అది ఆపలేకపోయింది. కొద్ది రోజుల్లోనే నగరం వారి వశమైంది.

కోట గోడలు మాత్రం నిలిచే ఉన్నాయి. మొదట ఇలాంటి ఫిరంగులు రెండు ఉండేవి. పడమటి దాన్ని 1958లో, ఊరూరా ఉక్కు కరిగించిన ఉద్యమ కాలంలో, తుక్కు కింద తీసేశారు.