వార్‌స్పైట్ చుక్కాని

చిన్నూ, బుజ్జీ,

మొన్న సెలవుల్లో మీరు కంప్యూటర్‌లో వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ ఆట ఆడుతుంటే వెనకాల కూర్చుని చూశాను కదా. మీ ఓడ పేరు వార్‌స్పైట్, ఒకప్పుడు నిజంగానే ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక. గుండు తగిలి చుక్కాని పాడవగానే చిన్నూ ఆర్ బటన్ నొక్కాడు, చిటికెలో బాగైపోయింది. నాకు నవ్వొచ్చింది. ఎందుకని అప్పుడే చెబితే వినే స్థితిలో లేరు మీరు, అంత టెన్షన్‌గా ఆడుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

1916 మే 31న డెన్మార్క్ తీరానికి అవతల బ్రిటిష్, జర్మన్ నౌకాదళాల మధ్య జట్లాండ్ యుద్ధం జరుగుతోంది. పక్క ఓడను గుద్దుకోకుండా తప్పుకోబోతే వార్‌స్పైట్ చుక్కాని బిగుసుకుపోయింది. అంతే, ఓడ జర్మన్ ఫిరంగుల ఎదుటే గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు రెండు చుట్లు తిరిగింది. జర్మన్లకు అంతకంటే ఏం కావాలి? అందరూ దాని మీదే గురిపెట్టారు. ఓడలో 14 మంది చనిపోయారు. కానీ అక్కడే బాగా దెబ్బతిని ఉన్న వారియర్ అనే మరో బ్రిటిష్ ఓడను ఆ కాసేపూ జర్మన్లు వదిలేశారు. మరమ్మతులు చేశాక కూడా వార్‌స్పైట్‌కు ఆ చుక్కాని జబ్బు పూర్తిగా పోలేదు. మన పాత స్కూటర్ లాగే!

మీరు నడిపేది 1937 నాటికి తిరగగట్టిన రూపం. జట్లాండ్‌లో అది ఇలా ఉండేది కాదు. 15 అంగుళాల ఫిరంగులు ఎనిమిది మాత్రం అవే. ఒక్కో గుండు దాదాపు 880 కిలోలు, అంటే చిన్న కారంత బరువు. 1940 జూలైలో ఇటలీ యుద్ధనౌక గియులియో చెజారెను దాదాపు 24 కిలోమీటర్ల దూరం నుంచి కొట్టింది. కదిలే ఓడ నుంచి కదిలే ఓడను అంత దూరంలో కొట్టడం మాటలు కాదు. ఆటలో అంత దూరం ఇవ్వలేదు. ఇరవై నిమిషాల్లో ముగియాలి కాబట్టి సముద్రాన్నే కుదించేశారు. అది తప్పని నేననను.

బుజ్జీ, ఇది నీకు. 1942లో ఈ ఓడ మన హిందూ మహాసముద్రంలోనే ఉంది, బ్రిటిష్ తూర్పు దళానికి నాయకత్వ నౌకగా. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పుడిది ఎక్కడో మాల్దీవుల వైపు ఉంది. అంత పెద్ద ఫిరంగులుండీ మనవాళ్ళకు అక్కరకు రాలేదు. విమానాలు ఎగిరే చోట ఫిరంగికి విలువ తగ్గిపోయిన రోజులవి.

శత్రువులెవరూ దాన్ని ముంచలేకపోయారు. 1947లో తుక్కు కింద లాక్కెళ్తుంటే తుఫానులో తాళ్ళు తెంపుకుని ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో రాళ్ళ మీదికి ఎక్కేసింది. చివరికి ఆ తీరంలోనే ముక్కలు చేశారు.

ఈసారి వచ్చినప్పుడు చుక్కాని పాడైతే ఆర్ నొక్కకుండా ఆడి చూపించండి. ఎన్ని చుట్లు తిరుగుతారో నేను లెక్కపెడతాను.

మీ తాతయ్య