వర్బల్ అంటే బట్టీ కాదు: జీఆర్‌ఈ, క్యాట్, ఐసెట్ ఇంగ్లీష్‌పై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఎంట్రన్స్‌లు రాసే పిల్లలకు ఇంగ్లీష్ చెప్తుంటాను: విదేశాల్లో పీజీకి జీఆర్‌ఈ, ఐఐఎంల లాంటి చోట్ల ఎంబీఏకి క్యాట్, మన రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్. తాడిపత్రి, కళ్యాణదుర్గం, గుంతకల్లు వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. లెక్కలంటే ఏ మాత్రం జంకరు, వర్బల్ (పరీక్షలో ఇంగ్లీష్ భాగం) అనగానే ముఖం మారిపోతుంది. ఆ టెన్షన్‌లో సగం వాళ్ల చెవిన పడిన మాటల వల్ల వచ్చిందే.

అపోహ: మూడు వేల పదాలు బట్టీ పడితే చాలు

ఇది పాత పరీక్ష నాటి మాట. జీఆర్‌ఈలో ఆంటోనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జతల మధ్య పోలిక) 2011 ఆగస్టులోనే తీసేశారు, కానీ సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్లకు వచ్చే జిరాక్స్ లిస్టులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు వర్బల్‌లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలు, అందులో దాదాపు సగం ప్యాసేజీలే. క్యాట్‌లో ఈమధ్య నేరుగా పదానికి అర్థం అడగడమే లేదు. ఐసెట్‌లో అడుగుతారు కాబట్టి దానికి లిస్టు కొంత పనికొస్తుంది, కాదనను.

పదాలు అక్కర్లేదని నేననడం లేదు. అసలు దెబ్బ తీసేది తెలియని పదం కాదు, తెలుసనుకున్న పదం. 'క్వాలిఫైడ్ సపోర్ట్' అని కనబడితే మనవాళ్లు అర్హత ఉన్న మద్దతు అనుకుని ముందుకెళ్లిపోతారు. అక్కడ దాని అర్థం షరతులతో కూడిన మద్దతు, అంటే రచయిత పూర్తిగా ఒప్పుకోవట్లేదు. ఆ ఒక్కటి జారితే ప్యాసేజీ మొత్తం తలకిందులవుతుంది. అందుకే నోట్‌బుక్‌లో పదం, పక్కన అర్థం అని కాకుండా వాక్యం మొత్తం రాసుకోండి, నాలుగు రోజులయ్యాక ఆ పదం మీద వేలు పెట్టి మూసేసి, మిగిలిన వాక్యం అక్కడ ఎలాంటి మాట కోరుతోందో మీరే చెప్పి చూడండి. జీఆర్‌ఈలో సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ప్రశ్నల్లో చేయాల్సింది ఇదే: వాక్యంలోని ఖాళీకి, ఒకే అర్థం వచ్చేలా ఆరు పదాల్లో రెండు ఎంచుకోవాలి, రెండూ కరెక్టయితేనే మార్కు. ఆప్షన్లలో సమానార్థకాల జత కనబడగానే వాక్యం చూడకుండా టిక్ పెట్టేవాళ్ల కోసం, వాక్యానికి అతకని జతను కూడా అక్కడ పెడతారు.

అపోహ: సబ్జెక్టు తెలిస్తే ప్యాసేజీ సులువు

చాలాసార్లు జరిగేది దీనికి ఉల్టా. ఒకసారి క్లాసులో కరువు మీద ప్యాసేజీ ఇచ్చాను. మొత్తం వర్షపాతం తగ్గలేదు, పడే సమయం మారింది, దిగుబడి అందుకే పడిపోయింది అన్నది అందులోని వాదన. ఇంట్లో వేరుశనగ వేసే ఒక అబ్బాయి "వానలు తగ్గడం వల్ల" అన్న ఆప్షన్ పెట్టాడు. "ఎందుకు పెట్టావు?" అంటే "మా చేన్లో అంతే సార్" అన్నాడు. వాడి చేన్లో అది నిజమే కావచ్చు, కానీ ప్యాసేజీలో ఆ మాట లేదు. పెట్టిన ప్రతి జవాబుకూ 'ఏ లైనులో ఉంది?' అని వేలు పెట్టి చూపించుకోవాలి. చూపించలేకపోతే ఆ ఆప్షన్ కొట్టేయండి. 'ఆల్వేస్', 'ఓన్లీ' లాంటి మాటలున్న ఆప్షన్‌ను ఇంకోసారి అనుమానంగా చూడండి, రచయిత అంత గట్టిగా అన్నాడా అని.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు ఇది అందదు, లేదంటే బెంగళూరు వెళ్లి కోచింగ్ తీసుకోవాలి

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. వాదన పట్టుకోవడం ఏ భాషలోనైనా ఒకటే పని. తెలుగు పేపర్లో సంపాదకీయం చదివి రచయిత ఎవరిని తప్పుపడుతున్నాడో చెప్పగలిగిన పిల్ల దగ్గర ఆ పని ఇప్పటికే ఉంది, ఇంగ్లీషులో వేగం మాత్రమే రావాలి. రోజుకొక ఇంగ్లీష్ ఎడిటోరియల్ తీసుకోండి, చదివాక పేపర్ మూసి తెలుగులోనే మూడు వాక్యాలు రాయండి: ఏమంటున్నాడు, ఎవరి మాట ఒప్పుకోవట్లేదు, 'బట్', 'హవెవర్', 'యెట్' దగ్గర ఎటు తిరిగాడు. మూడోది రాయలేకపోతే ఇంకా చదవనట్టే లెక్క, మళ్లీ తెరవండి. మొదట్లో ఒక్కదానికే అరగంట పడుతుంది, పడనివ్వండి. పేజీలు తిప్పేసి 'రోజూ పేపర్ చదువుతున్నా సార్, స్కోర్ కదలట్లేదు' అనే వాళ్లు ఈ మూడు వాక్యాల పనే వదిలేస్తున్నారు.

తెలియకపోతే వదిలేయాలా? జీఆర్‌ఈ, ఐసెట్‌లలో నెగటివ్ మార్కుల్లేవు, ఏదీ ఖాళీగా వదలకండి. క్యాట్‌లో మల్టిపుల్ ఛాయిస్ తప్పయితే ఒక మార్కు పోతుంది, టైప్ చేసే జవాబుకు మాత్రం పోదు.

జీఆర్‌ఈ వాళ్లకు ఇంకో మాట. ఆ పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్లే పవర్‌ప్రెప్ అనే ప్రాక్టీస్ టెస్టులు రెండు ఫ్రీగా ఇస్తారు. రెండూ మొదటి వారంలోనే రాసేయకండి, ఒకటి పరీక్షకు పది రోజుల ముందుకు దాచుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, టైమర్ ఆపకుండా రాయండి.