ఆర్కిమెడిస్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రాచీన గ్రీకు గణిత శాస్త్రజ్ఞుడు ఆర్కిమెడిస్ రాజుగారి బంగారు కిరీటాన్ని నీళ్ళలో ముంచి, పొర్లిన నీటిని కొలిచి అందులోని వెండి కల్తీ పట్టేశాడు.

వాస్తవం: ఈ కథ రాసింది రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్. అదీ ఆర్కిమెడిస్ పోయిన (క్రీ.పూ. 212) సుమారు రెండు వందల ఏళ్ళకి. తేలే వస్తువులపై ఆర్కిమెడిస్ స్వయంగా రాసిన గ్రంథంలో కిరీటం ఊసే లేదు.

పోనీ, లెక్క వేసి చూద్దాం. కిలో బరువున్న మేలిమి బంగారం (సాంద్రత 19.3) ఘనపరిమాణం 51.8 ఘ.సెం.మీ. అందులో 300 గ్రాములు తీసి వెండి (10.5) కలిపితే 64.8. తేడా 13. కిరీటం పట్టే గిన్నె 20 సెం.మీ. వెడల్పు ఉందనుకుంటే నీటిమట్టంలో ఆ తేడా 0.4 మి.మీ. మాత్రమే. తలతన్యత (నీటి ఉపరితలాన్ని సాగిన పొరలా పట్టి ఉంచే గుణం) వల్ల నీరు అంచుమీద అంతకన్నా ఎత్తుగానే ఉబ్బి నిలుస్తుంది. ఇక కొలిచేదేముంది?

పని జరిగేది త్రాసుతో. ఒకవైపు కిరీటాన్ని, రెండోవైపు అంతే బరువున్న మేలిమి బంగారాన్ని సన్నని దారాలతో వేలాడదీసి గాలిలో సరితూచాలి. తర్వాత రెండింటినీ పూర్తిగా నీళ్ళలోకి దించాలి. మునిగిన వస్తువు తాను తోసిన నీటి బరువంత తేలికవుతుంది కాబట్టి, పై కల్తీకి కిరీటం 13 గ్రాములు తేలికై పైకి లేస్తుంది. గెలీలియో 1586లో చెప్పిందీ ఇలాంటి త్రాసే. చిక్కంతా గాలిబుడగలతోనే. నగిషీలో ఇరుక్కున్న ప్రతి ఘ.సెం.మీ. గాలికీ ఒక గ్రాము తగ్గుతుంది, మేలిమి కిరీటం కూడా కల్తీదనిపిస్తుంది. అందుకే నీళ్ళలో ఉండగానే కుంచెతో బుడగలు దులపాలి. బోలు నగకైతే ఈ పరీక్ష పనికిరాదు.

అపోహ: π (వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య) విలువ 22/7 అని తేల్చాడు.

వాస్తవం: 22/7 ఆయన చెప్పిన పైహద్దు. వృత్తం లోపలా బయటా షడ్భుజులు గీసి, భుజాలను 12, 24, 48, 96కి రెట్టిస్తూ పోయి, π 223/71 కన్నా ఎక్కువ, 22/7 కన్నా తక్కువ అని నిరూపించాడు. దశాంశాలు లేని కాలంలో, ఈ లెక్కలో వచ్చే √3కి 265/153, 1351/780 హద్దులుగా వాడాడు. అవెలా వచ్చాయో మాత్రం చెప్పలేదు, మహానుభావుడు! 7 మీటర్ల వ్యాసానికి 22/7 వాడితే చుట్టుకొలత దాదాపు 9 మి.మీ. ఎక్కువ వస్తుంది.

అపోహ: అద్దాలతో రోమన్ ఓడల్ని తగలబెట్టాడు.

వాస్తవం: ఆర్కిమెడిస్ ఊరు సిరక్యూస్‌పై రోమన్ల ముట్టడిని వర్ణించిన ప్రాచీన రచయితలు పాలిబియస్, లివీ, ప్లూటార్క్‌లలో ఎవరూ అద్దాల మాటెత్తలేదు. 2005లో ఎం.ఐ.టి. విద్యార్థులు 127 అద్దాలతో 30 మీటర్ల దూరాన ఉన్న చెక్క నమూనాను అంటించారు. కానీ అది కదలనిది, ఆకాశంలో మబ్బు లేదు, పైగా పది నిమిషాలు పట్టింది. కదిలే ఓడ అంతసేపు ఆగుతుందా? ఓడ ముక్కును పట్టి ఎత్తి పడేసే ఇనుప కొక్కేల గురించి మాత్రం పాలిబియస్ వివరంగా రాశాడు.

అపోహ: ఆయన పేరుతో ఉన్న నీటి మరను (నీరెత్తే స్క్రూను) ఎంత ఏటవాలుగా పెట్టి తిప్పినా నీరెక్కుతుంది.

వాస్తవం: విట్రూవియస్ 3-4-5 త్రిభుజం వాలు చెప్పాడు, అంటే సుమారు 37 డిగ్రీలు. ఇంకా నిటారుగా పెడితే ఒక్కో చుట్టులో నిలిచే నీరు తగ్గి, మిగతాది కిందికి జారుతుంది. కింది మూతి పూర్తిగా మునిగినా తప్పే. చుట్టు చుట్టుకూ నీటితోపాటు గాలీ లోపలికి పోవాలి.