పొలమారితే నీళ్ళు తాగించకండి: ఏఎల్ఎస్ ఉన్నవాళ్ళ భోజనంపై అపోహలు, వాస్తవాలు

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. మాటలు నేర్పించడమే మా పని అనుకుంటారు గానీ, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు వచ్చినవాళ్ళతో నేను ఎక్కువగా మాట్లాడేది మింగడం గురించే. ఈ జబ్బులో కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతింటాయి. కొందరికి చేతులు, కాళ్ళతో మొదలైతే, కొందరికి నాలుక, గొంతుతోనే మొదలవుతుంది. చాలామందికి ఆకలీ రుచీ మాత్రం తెలుస్తూనే ఉంటాయి. అందుకే మొదటిసారి వచ్చేవాళ్ళను ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని నా ఎదురుగా తినమంటాను.

అపోహ: పొలమారితే వెంటనే నీళ్ళు తాగించాలి.

మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ గ్లాసు అందించడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఏఎల్ఎస్‌లో ఆ గ్లాసుతోనే ప్రమాదం. నీళ్ళు చాలా వేగంగా జారతాయి. బలం తగ్గిన గొంతు శ్వాసనాళాన్ని మూసేలోపే అందులోకి దిగిపోతాయి. పొలమారినప్పుడు మనిషిని కొంచెం ముందుకు వంచి, దగ్గనివ్వండి. ఊపిరి కుదుటపడేదాకా నోట్లో ఏమీ పెట్టకండి. దగ్గలేక, మాట రాక, ఊపిరి ఆడకపోతే అది వేరే సంగతి. ముందుకు వంచి, భుజాల మధ్య అరచేతి మడమతో బలంగా కొట్టండి, ఇంకొకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మామూలు గ్లాసు అడుగుకు వచ్చేసరికి తల వెనక్కి వాలుతుంది, శ్వాసనాళం దారి ఇంకా తెరుచుకుంటుంది. వెడల్పాటి కప్పు మేలు. గడ్డం కొద్దిగా ఛాతీ వైపు వంచి, చిన్న గుక్కలు తాగితే చాలామందికి సులువవుతుంది. ఏది ఎవరికి సరిపోతుందో థెరపిస్ట్ చూసి చెప్పాలి. నీళ్ళకు పొలమారేవాళ్ళు చాలామంది చిక్కటి రాగి జావ హాయిగా తాగుతారు. అయితే నోట్లో పెట్టిన స్పూన్‌నే మళ్ళీ మళ్ళీ ముంచితే ఉమ్మి కలిసి జావ పలచబడిపోతుంది. చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం వేసుకోండి.

అపోహ: మెత్తగా ఉంటే చాలు, ఏదైనా దిగుతుంది.

చారన్నం మెత్తనిదే. కానీ చారు ముందు జారిపోతుంది, మెతుకులు నాలుక మీదే ఉంటాయి. ఒకేసారి రెండు రకాల పదార్థాలను అదుపు చేయడం ఆ గొంతుకు కష్టం. ఒక పెద్దాయన క్యారేజీలో ఇడ్లీ సాంబారు వచ్చింది. ఆయన భార్య ఇడ్లీని సాంబారులో తేలేలా చిదిమి పెట్టారు. రెండో స్పూన్‌కే దగ్గు. కాసేపు ఆగి, అదే ఇడ్లీని నెయ్యితో, మెత్తగా రుబ్బిన చట్నీతో ఒకే ముద్దలా మెదపమన్నాను. అర స్పూన్ చొప్పున, ప్రతి ముద్దకూ రెండుసార్లు మింగుతూ ఒకటిన్నర ఇడ్లీ తిన్నారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

పోపు మానక్కర్లేదు. పోపు వేశాక నూనె వడగట్టి కలపండి. వాసన ఉంటుంది, ఆవాలు, మినప్పప్పు పలుకులు గొంతుకు అడ్డం పడవు. కారానికి దగ్గు రాకపోతే ఆవకాయ ముక్క వద్దుగానీ ఊట పరవాలేదు. పొడిపొడిగా రాలే ఉప్మా, కారప్పొడులు, జంతికలు మాత్రం వదిలేయాలి.

అపోహ: దగ్గు రావట్లేదంటే బాగానే తింటున్నట్టే.

దగ్గే శక్తి కూడా తగ్గి ఉండొచ్చు. తిన్నాక గొంతు గరగరలాడటం, భోజనానికి అరగంట దాటడం, మాటిమాటికీ జ్వరం, బరువు తగ్గడం గమనించండి.

అపోహ: కదలిక తగ్గింది కాబట్టి నెయ్యి, అన్నం తగ్గించాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఈ జబ్బులో చాలామంది శరీరం కదలకపోయినా ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. బరువు తగ్గినకొద్దీ జబ్బు త్వరగా ముదురుతుంది. నెయ్యి, మీగడ, జావలో కలిపిన వేరుశెనగ వెన్న ఇప్పుడు అవసరం. షుగర్ ఉంటే తిండి సగం చేయకుండా, మందుల మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడండి. కండరాలకు ఓపిక ఉండే పొద్దుటి పూటే ఎక్కువ పెట్టి, మిగతాది నాలుగైదు చిన్న విడతలుగా ఇవ్వండి. పదిహేను రోజులకోసారి బరువు రాసుకోండి. ఉపవాసాలు వద్దు.

అపోహ: కడుపుకు ట్యూబ్ వేశారంటే ఆఖరి దశ.

ఆహారం నేరుగా కడుపులోకి పంపడానికి పొట్ట మీద నుంచి వేసే పెగ్ ట్యూబ్‌ను ఊపిరితిత్తుల సామర్థ్యం బాగా పడిపోకముందే, వీలైతే 50 శాతం కన్నా తగ్గకముందే వేయించుకోవడం క్షేమం. ఆలస్యమైన కొద్దీ ఆ చిన్న ప్రక్రియే ప్రమాదకరం అవుతుంది. ట్యూబ్ ఉన్నంత మాత్రాన నోరు కట్టేసుకోనక్కర్లేదు.

ఆ పెద్దాయనకు ఇప్పుడు కడుపు నిండేది ట్యూబ్‌తోనే. మధ్యాహ్నం మాత్రం ఆవిడ ఆవకాయ ఊట కలిపిన ముద్దపప్పు మూడు చిన్న స్పూన్లు పెడతారు. ఆ కాసేపూ టీవీ ఆపేస్తారు, ఆయన్ను ఎవరూ మాట్లాడించరు. తర్వాత నోరు శుభ్రంగా తుడిచి, అరగంట నిటారుగా కూర్చోబెడతారు.